ఒంటి లోపలి ఎండ

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు జాతీయ రహదారి పట్టుకుని పది కిలోమీటర్లు వస్తే ఎచ్చెర్ల. 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇక్కడే. జిల్లా సాయుధ రిజర్వు పోలీసుల మైదానం ఇక్కడే. ఇదే మండలంలోని ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది. అటు బుడగట్లపాలెం వైపు వెళ్తే సముద్రం. కానిస్టేబుల్ ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు జిల్లా నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి పరుగెత్తేది ఈ పోలీసు మైదానంలోనే. మగపిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. సైన్యంలో చేరాలనుకునేవాళ్ళకు గురి ఇంకా పైన ఉంటుంది: అదే 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తేనే మొదటి వరుస మార్కులు. పరీక్ష ఏ చలికాలంలోనో పెట్టినా సాధన ఏడాది పొడుగునా సాగుతుంది. ఖాకీ బట్టలో ఆలివ్ గ్రీన్ బట్టలో ఇంటిల్లిపాది బతుకును మార్చే జిల్లా ఇది. ఏప్రిల్, మే నెలల్లో కూడా ఊరి బడి మైదానాల్లో, సర్వీసు రోడ్ల మీద, కాలవ గట్ల మీద పిల్లలు పరుగెడుతూనే ఉంటారు.

వాళ్ళలో ఒకడు తూలి పడిపోయాడనుకోండి. చుట్టూ చేరినవాళ్ళు మొదట చేసే పని నుదుటి మీద చెయ్యి వెయ్యడం. ‘ఒళ్ళు సల్లగానే ఉంది గదరా, నీరసం వొచ్చుంటాది’ అంటాడొకడు. కొవిడ్ తర్వాత ప్రతి ఆఫీసులోనూ, కోచింగ్ సెంటర్‌లోనూ నుదుటికి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ ధర్మామీటరు ఒకటి మిగిలిపోయింది. అది తెచ్చి చూస్తే 36న్నర చూపిస్తుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ క్షణంలో ఆ కుర్రాడి పేగుల్లో, కాలేయంలో, మెదడులో వేడి 41 డిగ్రీలు ఉండొచ్చు.

చెయ్యీ తప్పు చెప్పలేదు, ఆ పరికరమూ తప్పు చెప్పలేదు. అవి చెప్పింది చర్మం సంగతి. చెమట ఆరుతూ ఉంటే చర్మం చల్లబడుతుంది, గాలి తగిలితే ఇంకా చల్లబడుతుంది. ప్రాణం ఆధారపడ్డ వేడి మాత్రం లోపల ఉంది. ఎండలో శ్రమ చేస్తున్న మనిషి లోపలి ఉష్ణోగ్రతను ఎలా పట్టుకోవాలన్నది శాస్త్రవేత్తలను నూట యాభై ఏళ్ళకు పైగా వేధించిన ప్రశ్న. దానికి జవాబు దొరికింది. ఆ జవాబు మన మైదానాలకు ఇంకా నడిచి రాలేదన్నదే నా బాధ.

ముందు లెక్క చూద్దాం. కుర్రాడి బరువు 60 కిలోలు. చదును నేల మీద పరుగెత్తితే, ప్రతి కిలో బరువుకు, ప్రతి కిలోమీటరుకు దాదాపు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. అంటే 1,600 మీటర్లకు 96 కిలోకేలరీలు, సుమారు 400 కిలోజౌళ్ళు. ఆ శక్తి దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. మన శరీరం ఒక డిగ్రీ వేడెక్కాలంటే కిలో బరువుకు మూడున్నర కిలోజౌళ్ళు చాలు. మన కుర్రాడికి 210. కాబట్టి పుట్టిన వేడిలో రవ్వంత కూడా బయటికి పోకపోయినా ఆ ఒక్క పరుగుతో పెరిగేది 1.9 డిగ్రీలు. 37తో మొదలైనవాడు 39కి చేరడు. ఒక్క 1,600 మీటర్ల పరుగు, దానంతటది, ఆరోగ్యవంతుణ్ణి వేడితో పడగొట్టదు.

కానీ సాధన ఒక్క పరుగుతో ఆగదు. 8 నిమిషాల్లో 1,600 మీటర్లంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం. ఆ వేగంతోనే గంటసేపు పరుగెత్తితే పుట్టే వేడి 3,000 కిలోజౌళ్ళు. అదంతా లోపలే ఉండిపోతే ఒళ్ళు 14 డిగ్రీలు ఎక్కాలి. ప్రతి నాలుగు నిమిషాలకూ ఒక డిగ్రీ! అలా జరగకుండా కాపాడేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే 2,400 కిలోజౌళ్ళకు పైగా వేడిని పట్టుకుపోతుంది. లీటరుంబావు ఆవిరైతే ఆ గంట పరుగు వేడి మొత్తం చెల్లిపోతుంది. ఇక్కడ ఆవిరైన చెమటే లెక్క. కణతల మీంచి కారి నేల మీద రాలిన చెమట ఒంట్లో నీటిని పోగొడుతుంది, వేడిని పోగొట్టదు.

మన తీరం ఇక్కడే దెబ్బ కొడుతుంది. కొత్త కుండలో నీళ్ళు పొడి ఎండ కాసే రోజున జిల్లుమంటాయి, ముసురు పట్టి ఉక్కపోసే రోజున ఆ కుండలోనే గోరువెచ్చగా ఉంటాయి. మనిషి ఒళ్ళూ అంతే. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆవిరయ్యే చోటు ఉండదు. పల్నాడులో రెంటచింతల లాంటి చోట మధ్యాహ్నం 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉందనుకుందాం. ధర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే అది 24 దగ్గర ఆగుతుంది. ఎచ్చెర్లలో అదే రోజు 34 డిగ్రీలే, తేమ 70 శాతం. ఇక్కడ తడిబల్బు 29 దాటుతుంది. పేపర్లో వేసేది 42, 34 అంకెలనే. చెమటకు తెలిసేది 24కీ 29కీ ఉన్న తేడా.

ఈ తేడాను లెక్కలోకి తెచ్చింది ఒక సైనిక శిక్షణ శిబిరం. 1950ల్లో అమెరికా మెరైన్ దళానికి రంగరూట్లను తయారుచేసే ప్యారిస్ ఐలండ్‌లో కుర్రాళ్ళు వడదెబ్బతో పడిపోతుంటే, యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1957లో ఒక సూచిక ప్రకటించారు. తడిబల్బు అంకెలో 70 శాతం, ఎండకు పెట్టిన నల్లగోళం లోపలి ధర్మామీటరు అంకెలో 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతలో 10 శాతం తీసుకుని కలుపుతారు. అన్నిటికన్నా తేమకే పెద్ద వాటా. పై రెండు ఊళ్ళలోనూ నల్లగోళం గాలికన్నా 12 డిగ్రీలు ఎక్కువ చూపిందనుకుని కలిపి చూడండి. 42 డిగ్రీల పల్నాటి మధ్యాహ్నానికి 31.8 వస్తుంది. 34 డిగ్రీల ఎచ్చెర్ల మధ్యాహ్నానికి 33.1 వస్తుంది. అమెరికా సైనిక శిబిరాల్లో ఈ సూచిక 32.2 దాటితే నల్లజెండా ఎగరేస్తారు. బయట శ్రమతో కూడిన శిక్షణ ఆపమని దాని అర్థం. ఖతర్‌లో 2021 నుంచి చట్టమే ఉంది: సూచిక 32.1 దాటితే ఆరుబయట పని నిలిపివేయాలి. మన జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్ళి కట్టడాల మీద పనిచేసే అన్నదమ్ములకు అక్కడ వర్తించే కొలబద్ద, ఇక్కడ ఉద్యోగం కోసం పరుగెత్తే తమ్ముళ్ళకు వర్తించదు. ఖతర్ ఆ అంకె ఊరికే పెట్టుకోలేదు. అంతకుముందు 2019లో గ్రీసు దేశపు ఫేమ్ ప్రయోగశాల వాళ్ళు వచ్చి, పనిచేస్తున్న కార్మికుల లోపలి ఉష్ణోగ్రతలు కొలిచి చూశారు.

ఇక లోపలి సంగతి. 1774లో లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు, ఆయన మిత్రులూ బాగా కాల్చి వేడెక్కించిన గదిలోకి వెళ్ళి నిలబడ్డారు. గదిలో వేడి చివరికి 127 డిగ్రీల దాకా వెళ్ళింది. అక్కడ పెట్టిన గుడ్లు గట్టిపడ్డాయి, మాంసం ఉడికింది, బ్లాగ్డెన్ మాత్రం నడిచి బయటికొచ్చాడు. ఆయన ఒంటి వేడి దాదాపు ఎప్పటిలాగే ఉంది. గదిలో గాలి పొడిగా ఉంది కాబట్టి, చెమట పనిచేసింది కాబట్టి. జీవించి ఉన్న శరీరం తన వేడిని తానే నిలబెట్టుకుంటుందని అంత సూటిగా చూపిన ప్రయోగం అంతకుముందు లేదు. తర్వాత 1868లో జర్మన్ వైద్యుడు వుండర్లిష్ దాదాపు 25,000 మంది రోగుల చంకల్లో ధర్మామీటరు పెట్టి 37 అనే అంకెను ప్రపంచానికిచ్చాడు. మంచం మీద పడుకున్న మనిషికి చంక సరిపోయింది. పరుగెత్తే మనిషికి సరిపోదు.

పరుగెత్తే మనిషి గురించి మొదటి పెద్ద ఆశ్చర్యం 1938లో వచ్చింది. డెన్మార్క్‌లో మారియస్ నీల్సన్ ఒక మనిషిని ఒకే జోరుతో పని చేయిస్తూ గది వేడిని 5 డిగ్రీల నుంచి 36 దాకా మార్చి చూశాడు. చర్మం వేడి గదితోపాటు మారింది. లోపలి వేడి మారలేదు! పని ఎంత జోరుగా ఉంటే లోపల అంత పైన స్థిరపడింది, గది ఎలా ఉన్నా సరే. శ్రమలో లోపలి వేడి పెరగడం జబ్బు కాదని, పని చేసే శరీరం తనంత తానే ఒక మెట్టు పైకి జరిగి కుదురుకుంటుందని దీంతో తేలింది. ఈ కుదురు ఒక హద్దు వరకే. గాలిలో వేడీ తేమా ఆ హద్దు దాటితే లోపలి వేడి ఏ మెట్టు మీదా నిలవదు, ఎక్కుతూనే పోతుంది. మే నెల మధ్యాహ్నం మన తీరం ఉండేది ఆ హద్దు అవతలే. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో ప్రకటించిన ప్రయోగాల్లో, ఆరోగ్యవంతులైన యువతీయువకులు ఇంటిపని పాటి తేలికైన కదలికలే చేస్తున్నా, తేమగాలిలో తడిబల్బు 31 దగ్గరికి రాగానే ఈ ఎక్కుడు మొదలైంది. పరుగెత్తేవాడికి హద్దు ఇంకా కిందే ఉంటుంది.

అంటే పరుగులో లోపలి అంకె పెరగాలి, కానీ ఎక్కడో ఆగాలి. ఆగిందా లేదా అన్నది తెలియాలంటే లోపల కొలవాలి. ‘లోపల’ అంటే ఎక్కడ?

గుండెలోకి వచ్చే రక్తాన్ని కొలవడం అన్నిటికన్నా నిక్కచ్చి. దానికి రక్తనాళంలోకి గొట్టం పంపాలి, అది ఆపరేషన్ గదిలో పని. దాని పక్కన నిలిచేది అన్నవాహిక. సన్నటి తీగను ముక్కులోంచి దింపి గుండె వెనక్కి చేరిస్తే, రక్తం వేడిలో వచ్చే మార్పు నిమిషంలోపే తెలుస్తుంది. ప్రయోగశాలల్లో ఇదే వాడతారు. మైదానంలో డోకు వస్తుంది, కుదరదు. నోట్లో కొలుద్దామంటే, పరుగెత్తి వచ్చినవాడు నోటితోనే ఊపిరి పీలుస్తాడు, అప్పుడే చల్లటి నీళ్ళు తాగి ఉంటాడు. చంకలో చెమట. చెవిలో కొలిచే ఇన్‌ఫ్రారెడ్ పరికరం కర్ణభేరిని చూస్తుందని అనుకుంటాం. నిజానికి ఎక్కువసార్లు అది చూసేది చెవి గొట్టం గోడలనే, ఆ గోడల వేడిని బయటి గాలి, ఎండ మార్చేస్తాయి. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ కాసా బృందం 2007లో ఈ పరికరాలన్నిటినీ ఎండలో వ్యాయామం చేస్తున్నవాళ్ళ మీద ఒకేసారి పెట్టి చూసింది. నోరు, చంక, చెవి, కణత, నుదుటి మీద అంటించే పట్టీ అన్నీ నమ్మరానివిగా తేలాయి. పురీషనాళంలో పెట్టిన ధర్మామీటరుతో సరితూగింది ఒక్కటే: మింగే మాత్ర.

ఆ మాత్రను కాస్త దగ్గరగా చూద్దాం. రెండు సెంటీమీటర్ల పొడవు, విటమిన్ గొట్టం మాత్రంత లావు. బయట సిలికోన్ పూత, లోపల చిన్న బ్యాటరీ, చుట్టిన రాగి తీగ, ఒక క్వార్ట్జ్ స్ఫటికం. వేడి మారితే స్ఫటికం కంపించే వేగం మారుతుంది. ఆ కంపనం బలహీనమైన రేడియో సంకేతమై పొట్ట దాటి వచ్చి, నడుముకు కట్టుకున్న పెట్టెలో డిగ్రీగా పడుతుంది. 1980ల్లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాల, నాసా కలిసి చేసిన పని ఇది. 1998లో 77 ఏళ్ళ వయసులో రెండోసారి అంతరిక్షానికి వెళ్ళిన జాన్ గ్లెన్ ఇలాంటి మాత్ర మింగాడు. దీన్ని పరుగుకు ఐదారు గంటల ముందే మింగాలి. ఇంకా కడుపులోనే ఉంటే, గుక్కెడు చల్లటి నీళ్ళు తాగగానే అంకె జారిపోతుంది, అది శరీరం అంకె కాదు, నీళ్ళ అంకె. పేగుల్లోకి దిగాక నిజం చెబుతుంది. ఒకటి రెండు రోజుల్లో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, దానంతటది బయటికి పోతుంది. అది లోపల ఉన్నన్నాళ్ళూ ఎంఆర్ఐ స్కాన్ చేయకూడదు. పేగులు మూసుకుపోయే జబ్బులున్నవాళ్ళు మింగకూడదు. ఒక్కో మాత్ర వేల రూపాయలు, ఒక్కసారికే పనికొస్తుంది.

ఈ మాత్రలు చెప్పిన సంగతులు పాత నమ్మకాలను కదిలించాయి. 2016లో దోహాలో ప్రపంచ సైక్లింగ్ పోటీలు జరిగినప్పుడు సెబాస్టియన్ రసినే బృందం 40 మంది సైక్లిస్టుల చేత మాత్రలు మింగించింది. ప్రతి నలుగురిలో ఒకరు 40 డిగ్రీలు దాటారు, ఒకరికి 41.5 వచ్చింది. వాళ్ళెవరూ వడదెబ్బతో పడలేదు. ఇలాంటిది అంతకుముందూ కనబడింది. 1967లో గ్రిఫిత్ ప్యూ బృందం బ్రిటన్‌లో ఒక మారథాన్ అయ్యాక పరుగువీరులకు పురీషనాళంలో ధర్మామీటరు పెట్టి చూస్తే, గెలిచినవాడికి 41.1 ఉంది. మనిషి మామూలుగానే ఉన్నాడు. అదే దోహాలో 2019 సెప్టెంబరులో, ఎండకు భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టిన మహిళల మారథాన్‌లో, 32 డిగ్రీల వేడి, 70 శాతం దాటిన తేమలో 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. సూర్యుడు లేడు, తేమ ఉంది.

లోపల 41 దాటినవాళ్ళూ మామూలుగానే ఉండగలరు కాబట్టి, ఏ వైద్యుడూ అంకె ఒక్కటే చూసి వడదెబ్బ అనడు. లోపల 40న్నర దాటి ఉండాలి, దానితోపాటు మెదడు తడబడాలి: మాట తేడా రావడం, తిట్టడం, తూలడం, తానెక్కడున్నదీ తెలియకపోవడం, స్పృహ తప్పడం. ఈ రెండూ కలిస్తే అది ప్రాణాంతకమైన వడదెబ్బ. చెమట పట్టడం ఆగిపోతేనే వడదెబ్బ అనే మాట ఇంకా చాలామంది నోట వినబడుతుంది. ఇంట్లో ఉక్కకు పడిపోయిన ముసలివాళ్ళ విషయంలో అది చాలాసార్లు నిజం. పరుగెత్తి పడిపోయిన కుర్రాడి విషయంలో మాత్రం నిజం కాదు. వాడి ఒళ్ళు చెమటతో తడిసి ముద్దై ఉంటుంది. చర్మం చల్లగా తగిలినా తగులుతుంది.

శిక్షణ ఇచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సిన ప్రయోగం ఇంకొకటుంది. 1999లో కోపెన్‌హాగెన్‌లో గొంజాలెజ్-అలోన్సో బృందం ఏడుగురు సైక్లిస్టులను 40 డిగ్రీల గదిలో అలసి ఆగేదాకా తొక్కించింది. ఒకరోజు ముందుగా నీళ్ళలో చల్లబరచి లోపల 36తో మొదలుపెట్టించారు, ఒకరోజు 37తో, ఇంకోరోజు ముందే వేడెక్కించి 38తో. మొదటిరోజు వాళ్ళు సగటున 63 నిమిషాలు తొక్కారు, రెండోరోజు 46, మూడోరోజు 28. మూడుసార్లూ ఆగింది ఒకే చోట, లోపల 40 దాటిన క్షణంలో. శరీరం దగ్గర ఉన్నది ఆ మూడు నాలుగు డిగ్రీల జాగానే. తన బ్యాచ్ పిలుపు కోసం ఎండలో గంటలకొద్దీ నిలబడిన అభ్యర్థి, గీత దగ్గర అడుగు కదపకముందే ఆ జాగాలో కొంత ఖర్చు చేసేసి ఉంటాడు. వాడి పక్కన చెట్టునీడలో కూర్చుని వచ్చినవాడితో పోటీ అప్పటికే సమానం కాదు. ఒక షామియానా, తడిపిన తువ్వాళ్ళు, తాగడానికి చల్లటి నీళ్ళు మార్కుల న్యాయానికి కూడా సంబంధించినవి. ముందురోజు జ్వరం వచ్చినవాడిది, రాత్రంతా బస్సులో కూర్చుని నిద్రలేక వచ్చినవాడిది కూడా ఇదే పరిస్థితి. వాళ్ళు 37 కన్నా పైనుంచి మొదలవుతారు, లేదా చల్లబడే శక్తి తగ్గి మొదలవుతారు.

అలవాటు కూడా కొలిస్తే కనబడుతుంది. వారం పది రోజులు, కాస్త కాస్త పెంచుతూ వేడిలో శ్రమ చేస్తే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, ఉప్పు తక్కువ పోతుంది. అదే పరుగుకు లోపలి అంకె మునుపటికన్నా తక్కువలో నిలుస్తుంది. నోటిఫికేషన్ వచ్చిన మర్నాడే మైదానంలోకి దూకేవాడికి ఈ రక్షణ ఉండదు. మొదటి వారంలో పడిపోయేవాళ్ళు ఎక్కువ ఉండడానికి కారణం ఇదే.

ఇదే రహదారి మీద ఎచ్చెర్ల నుంచి ఉత్తరానికి వెళ్తే పలాస దాటాక ఉద్దానం. కొబ్బరి, జీడితోటల్లో పనిచేసే రైతులు, కూలీల మూత్రపిండాలు ఏళ్ళ తరబడి చెడిపోతున్న నేల. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీరు, నేల, మందులు, వంశం అన్నిటి మీదా అనుమానాలున్నాయి. నికరాగువా, ఎల్ సాల్వడోర్‌లలో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వస్తుంటే, అక్కడి పరిశోధకులు రోజూ వేడిలో చేసే బండచాకిరీని, ఒంట్లో నీరు ఎండిపోవడాన్ని ముఖ్య కారణాల్లో ఒకటిగా పట్టుకున్నారు. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థలో విద్యా వేణుగోపాల్ బృందం తమిళనాడు ఉప్పుమళ్ళలో కూలీల లోపలి ఉష్ణోగ్రత, చెమట, మూత్రం చిక్కదనం కొలిచి, మూత్రపిండాల పనితీరుతో కలిపి చూసింది. మన నౌపడ ఉప్పుమళ్ళలో మడి తొక్కేవాళ్ళూ, ఉద్దానం తోటల్లో బోదెలు తవ్వేవాళ్ళూ చేసేది అదే ఎండలో అదే పని. పరుగెత్తేవాడికి ప్రమాదం అరగంటలో వస్తుంది. కూలికి అది ఇరవై ఏళ్ళ మీద వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1969లోనే రోజంతా సాగే శ్రమకు లోపలి వేడి 38 దాటకూడదని హద్దు పెట్టారు. ఆ 38ని తోటలో మధ్యాహ్నం ఒంటిగంటకు కొలిచి చూడాలి. ఆసుపత్రిలో మర్నాడు తీసిన రక్తం ఆ సంగతి చెప్పదు.

కూలీలందరికీ మాత్రలు మింగించలేం. గుండె వేగం నుంచి లోపలి వేడిని అంచనా కట్టే లెక్కలు, ఛాతీకి కట్టుకునే పట్టీలు, చర్మంలోంచి బయటికి పోయే వేడిని పట్టి లోపలి అంకెను ఊహించే బిళ్ళలు వచ్చాయి. గుంపు మొత్తం ఎటు పోతోందో చెప్పడానికి ఇవి బాగానే పనికొస్తాయి. ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి అర డిగ్రీ అటూఇటూ అవుతాయి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ అర డిగ్రీయే కావాలి. వాతావరణం కొలవడం మాత్రం ఏ కాలేజీ పిల్లలైనా చేయగలరు. పింగ్‌పాంగ్ బంతికి నల్లరంగు వేసి లోపల చిన్న సెన్సర్ దూర్చితే నల్లగోళం తయారు. దాని పక్కన తడిగుడ్డ చుట్టిన ఇంకో సెన్సర్, నీడలో మూడోది. విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ, పోలీసు మైదానం ఒకే మండలంలో ఉన్న ఊరు ఎచ్చెర్ల. ఆ మూడు అంకెలూ రోజూ మైదానం గేటు దగ్గర పలక మీద రాయడానికి ఇంతకన్నా అనువైన చోటు రాష్ట్రంలో ఎక్కడుంది?

ఇక పడిపోయినవాడి విషయం. మైదానంలో వాడాల్సింది పురీషనాళపు ధర్మామీటరే, దీనికి మరో దారి లేదు. గాజుది కాదు, వంగే సన్నటి తీగ. జెల్లీ రాసి 10 నుంచి 15 సెంటీమీటర్ల లోపలికి పంపుతారు, ఇంకో చివర చేతిలోని మీటరుకు ఉంటుంది. నర్సో, శిక్షణ పొందిన సహాయకుడో దుప్పటి అడ్డుపెట్టి నిమిషంలో చేసే పని. మన దగ్గర దీనికి అడ్డం వచ్చేది ఖర్చు కాదు, సిగ్గు. పదిమందిలో పిల్లవాడి లాగు విప్పడమేమిటని తల్లిదండ్రులు అంటారు, ఆడపిల్లయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. అందుకే గుడారం, దుప్పటి, ఆడపిల్లలకు మహిళా నర్సు పరుగు మొదలవకముందే సిద్ధంగా ఉండాలి. నుదుటి అంకెను నమ్మి వెనక్కి తగ్గితే పోయేది ప్రాణం. అమెరికాలో కోరీ స్ట్రింగర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు 2001లో సాధన మైదానంలో వడదెబ్బ తగిలి చనిపోయాక, ఆయన పేరుతో 2010లో కనెక్టికట్‌లో ఒక సంస్థే పెట్టి, ఈ కొలతను ప్రతి మైదానానికీ చేర్చడానికి పనిచేస్తున్నారు. మసాచుసెట్స్‌లో ఆగస్టు ఉక్కలో జరిగే ఫాల్మత్ పరుగుపందెంలో 18 ఏళ్ళలో 274 మందికి వడదెబ్బ తగిలింది. ప్రతి ఒక్కరికీ పురీషనాళంలో కొలిచి, అక్కడికక్కడే మంచునీళ్ళ తొట్టిలో ముంచారు. 274 మందీ బతికారు.

మనకు తొట్టి లేకపోతే కళ్ళంలో ధాన్యం మీద కప్పే బరకం చాలు. నలుగురు అంచులు ఎత్తి పట్టుకుంటే మధ్యలో గుంట ఏర్పడుతుంది. మనిషిని అందులో పడుకోబెట్టి, వంద లీటర్ల నీళ్ళు పోసి, మంచు గుమ్మరించి, అటూఇటూ ఊపుతూ ఉండాలి. నీళ్ళు కదలకపోతే ఒంటి చుట్టూ ఉన్న పొర వెచ్చబడి చల్లబరచడం ఆగిపోతుంది. మంచు కోసం వెతకనక్కర్లేదు, తీరంలో చేపలకు వాడే దంచిన మంచు దొరుకుతుంది. పరీక్షరోజు పొద్దున్నే నాలుగు పెట్టెలు తెచ్చి ఉంచుకోవాలి. తల నీళ్ళపైన ఉండాలి, ఒకరు దాన్నే చూసుకోవాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. 108కి ఫోను మొదటి నిమిషంలోనే చేయాలి. బండి వచ్చినా వెంటనే ఎక్కించకూడదు, చల్లబరచడం ముందు, తరలించడం తర్వాత. 40న్నర పైన గడిచే ప్రతి నిమిషం కాలేయం మీద, మూత్రపిండాల మీద, మెదడు మీద పడుతుంది, అరగంటలోపు కిందికి దించగలిగితే చాలామంది ఏ మచ్చా లేకుండా లేచి కూర్చుంటారు. ధర్మామీటరు తీగ అంతసేపూ లోపలే ఉండాలి. పురీషనాళపు అంకె రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనక నడుస్తుంది కాబట్టి, 37 దాకా ఆగితే మనిషి మరీ చల్లబడిపోతాడు. 38.9 కనబడగానే నీళ్ళలోంచి తీసి, తుడిచి, అప్పుడు ఎక్కించాలి. తీగ లేని చోట పదిహేను నిమిషాలు ఊపి ఎక్కించాలి.